కాలు దించే అలవాటు

మా తాతయ్య ఓర్డెల్ తన మోటారు సైకిలు అమ్మేసిన రోజు అన్నీ మామూలుగానే ఉన్నట్టు నటించాడు కానీ, మధ్యాహ్నం భోజనం మాత్రం చెయ్యలేదు.

అంతకుముందు ఆగస్టులో డెల్ఫీన్ కాఫీ హోటలు ముందు కంకర మీద బండి తిప్పుతుంటే అది ఒరిగిపోయింది. వెనక కూర్చున్న అమ్మమ్మ కూడా పడింది. ఆమె మణికట్టు విరిగింది. ఆదివారం కావడంతో తాతయ్య స్నేహితులందరూ అక్కడే ఉన్నారు. అందరూ పరుగెత్తుకొచ్చి బండి లేపారు. ఒక్కరూ నవ్వలేదు. పొద్దస్తమానం ఒకరినొకరు ఏడిపించుకునే మనుషులు ఆ రోజు నవ్వకుండా తలలు దించుకోవడమే తాతయ్యను ఎక్కువగా కుంగదీసింది. ఆదివారాలు అక్కడ నేను గిన్నెలు కడుగుతాను. వంటింటి కిటికీలోంచి అంతా చూశాను.

ప్రతి వేసవిలో వాళ్ళిద్దరూ సుపీరియర్ సరస్సు ఒడ్డు వెంట బండి మీద ఉత్తరానికి వెళ్ళొస్తారు. ఈసారి అమ్మమ్మ ఆర్లిస్ ఒక మాట చెప్పింది. బండికి మూడు చక్రాలుంటేనే వస్తుందట. అదీ మొదట నేను వెనక సీట్లో కూర్చుని వెళ్ళి, పర్వాలేదని చెబితేనే.

"నన్నడిగితే చెప్పనా?" అన్నాడు తాతయ్య.

"నువ్వా! ఇల్లు తగలబడుతున్నా కాస్త వెచ్చగా ఉందంటావు. బ్రిట్టాకి అబద్ధం చెప్పడం చేతకాదు. చెబితే చెవులదాకా ఎర్రబడుతుంది."

ఆ మాటకే నా చెవులు ఎర్రబడ్డాయి.

తాతయ్య మనసులో ఉన్నది ఆయన స్నేహితుడు గేలెన్ తాత పాత బండి. కళ్ళు మసకబారి ఆయన నడపడం మానేశాడు. అది మామూలు మోటారు సైకిలే. వెనక చక్రం తీసేసి, వెడల్పుగా రెండు చక్రాలు బిగించారంతే. ఎదురుగా దూరం నుంచి చూస్తే ఆ తేడా అంతగా తెలియదు. అమ్మమ్మ మనసులో ఉన్నది డులూత్ పట్నంలో దుకాణంలో ఉన్న కొత్త బండి. దానికి ముందు రెండు చక్రాలు, వెనక మధ్యలో ఒకటి.

"అది బండి కాదే, మిడత," అన్నాడు తాతయ్య. "దాని మీద నన్ను చూశాడంటే హోటల్లో మా లైల్ గాడు నవ్వలేక కాఫీ కప్పులో పడి చస్తాడు."

శనివారం పొద్దున గేలెన్ తాత బండి మీద బయల్దేరాం. మొక్కజొన్న చేలు దాటగానే ఎదురుగా ఒక మోటారు సైకిలు వచ్చింది. దాని మీదున్నాయన ఎడమచెయ్యి కిందికి చాచి రెండు వేళ్ళు చూపించాడు. రోడ్డు మీద మోటారు సైకిళ్ళవాళ్ళు ఒకరినొకరు పలకరించుకునే పద్ధతి అది. తాతయ్య కూడా చెయ్యి చాచాడు. నా ముందున్న ఆయన వీపు ఒక్కసారి నిటారుగా అయింది. ఆ వీపు చూసి, ఈ బండే కొంటే బాగుండుననిపించింది.

ఊళ్ళోకి వచ్చాం. ఐస్‌క్రీమ్ కొట్టు ఎదురుగా బళ్ళు ఆగాలని బోర్డుంది. కొట్టు ముందు మా తరగతి అమ్మాయిలు ముగ్గురు నిలబడి ఉన్నారు. బండి ఇంకా పూర్తిగా ఆగలేదు. తాతయ్య ఎడమకాలు దించాడు.

రెండు చక్రాల బండి అయితే అలా దించకపోతే పడిపోతాం. జీవితమంతా దించిన కాలు. కానీ ఈ బండికి ఆ కాలి వెనకే చక్రం ఉంది. బండి ఒక్కసారి పైకి లేచి కుదిపింది. తాతయ్య గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది. వెనక చక్రం ఆయన పాదం మీదుగా వెళ్ళిందని నాకు అర్థమైంది.

"గుంట," అన్నాడు తాతయ్య, వెనక్కి తిరగకుండా.

అక్కడ గుంట లేదు. అమ్మాయిలు నవ్వారు. మమ్మల్ని చూసో, ఇంకేదైనా చూసో తెలీదు. నేను హెల్మెట్ అద్దం కిందికి లాగేసుకున్నాను. తాతయ్యకు నొప్పిగా ఉందా అని అడగాలి కదా. అడగలేదు. ఆ ముగ్గురికీ నేనెవరో తెలియకుండా ఉంటే చాలనుకున్నాను. ఇంటిదాకా అదే సిగ్గు, దాని మీద ఆయన్ని అడగలేదన్న ఇంకో సిగ్గు.

ఇంటికొచ్చాక తాతయ్య గడప దగ్గర బూట్లు విప్పి, కుంటకుండా నడవాలని చాలా నెమ్మదిగా కుర్చీదాకా వెళ్ళాడు. అమ్మమ్మ పొయ్యిలోంచి మాంసం మీద బంగాళాదుంపలు పరిచి కాల్చిన హాట్‌డిష్ తీసి బల్ల మీద పెట్టింది. ముగ్గురికీ వడ్డించాక నావైపు తిరిగింది.

"చెప్పవే. నేను కూర్చోవచ్చా?"

తాతయ్య ఫోర్కుతో బంగాళాదుంపను అటూ ఇటూ జరుపుతున్నాడు. నావైపు చూడలేదు. చెప్పొద్దని కూడా అనలేదు. అందుకే నిజం చెప్పడానికి నోరు రాలేదు.

"కొత్తదే బాగుంటుందేమో అమ్మమ్మా. పాతదాని సీటు నాకు పడలేదు. నడుం నొప్పి పుట్టింది."

"నీకా? పదహారేళ్ళకే?"

"ఊఁ. చాలా నొప్పి."

చెవులు మండిపోతున్నాయి. అమ్మమ్మ గడప దగ్గరికి వెళ్ళి, తాతయ్య ఎడమ బూటు తెచ్చి బల్ల చివర పెట్టింది. దాని ముందుభాగం మీద టైరు గీతలు మట్టితో అచ్చు పడి ఉన్నాయి.

"నడుం నొప్పి దీనికి కూడా వచ్చిందా?"

నేను తల దించుకున్నాను. నా అబద్ధం కంటే తాతయ్య పరువే ఆ బల్ల మీద ఉన్నట్టనిపించింది.

"పిల్లనేం అనకు," అన్నాడు తాతయ్య. ఆయన చెవులు కూడా నా చెవుల్లాగే ఎర్రగా ఉన్నాయి. "కాలు దించాను. దించకూడదని గేలెన్ పదిసార్లు చెప్పాడు. అయినా దించాను. నా పాదం మీద నేనే బండి ఎక్కించుకున్నాను, ఆర్లిస్. నువ్వు వెనకుంటే ఆ కుదుపుకి మళ్ళీ పడేదానివి."

ఆ వంటింట్లో ఆయన అంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"మేజోడు విప్పు," అంది అమ్మమ్మ.

వేళ్ళు నేరేడుపళ్ళలా వాచి ఉన్నాయి. ఆమె ఐసు ముక్కలు గుడ్డలో కట్టి ఆ పాదం తన ఒళ్ళో పెట్టుకుంది. "ఆ మిడత వెనక చక్రం మధ్యలో ఉంటుంది కదా?"

"మధ్యలోనే."

"అయితే ఎన్నిసార్లయినా కాలు దించుకో. దాని కింద పడదు. నేనొస్తాను."

"అందరూ నవ్వుతారే."

"నవ్వనీ."

రెండు వారాలకు కొత్త బండి వచ్చింది. ఆదివారం నేను గిన్నెలు కడుగుతుంటే బయట బండి చప్పుడైంది. చేతులు తుడుచుకుని మెట్ల మీదికి వచ్చాను. కాఫీ తాగుతున్నవాళ్ళందరూ లేచి బయటికొచ్చారు. తాతయ్య అదే కంకర మీదికి మలుపు తిప్పాడు. వెనక అమ్మమ్మ, విరిగి అతికిన చేత్తో ఆయన కోటు పట్టుకుని ఉంది.

"ఒరేయ్ ఓర్డెల్!" లైల్ అరిచాడు. "గడ్డి కోసే బండేసుకుని వచ్చావా? మా పెరటి నుంచి మొదలెట్టరా!"

అందరూ పగలబడి నవ్వారు. కడుపులు పట్టుకుని మరీ నవ్వారు. తాతయ్య ముఖం హెల్మెట్ లోపల కందగడ్డలా అయింది. బండి ఆగింది. ఎడమకాలు దానంతట అదే కిందికి దిగి కంకరలో దిగబడింది. అది చూసి లైల్ ఇంకా నవ్వాడు. "స్టాండు వేశావా? మూడు చక్రాల బండికి అదెందుకురా!"

నాకు వంటింట్లోకి పారిపోవాలనిపించింది. తలుపు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

తాతయ్య ఆ కాలు తియ్యలేదు. అమ్మమ్మ ఆ కాలిని చూసింది. ఆ కాలే బండిని నిలబెడుతున్నట్టు, ఆయన దాన్ని పైకి తీసుకునేదాకా దిగకుండా వెనకే కూర్చుంది.