బోర్డు మీద పేరు లేని పూట

సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలికి ఆ చిన్న స్టేషన్ బోర్డు మీద అక్షరాలన్నీ పెచ్చులూడిపోయాయి. మళ్లీ రాయిద్దామని స్టేషన్ మాస్టరు పొద్దున్నే దాన్ని గీకించి, పసుపు రంగు వేయించాడు. అది ఆరేదాకా స్టేషన్‌కి పేరు లేదు.

ఆ పూటే ఆ ఊరి టైలరమ్మ వాళ్ల అన్నయ్య రావాలి. ఆవిడకి ఎనిమిదేళ్లప్పుడు నాన్నతో గొడవపడి ఇల్లు వదిలి పోయాడు. నలభై ఏళ్లు అజాపజా లేదు. పోయిన నెల ఉన్నట్టుండి ఉత్తరం వచ్చింది, "రావచ్చా?" అంటూ. ఏం రాయాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక ఆవిడ "వచ్చెయ్" అని ఒక్క ముక్క రాసి, కింద స్టేషన్ పేరు వేసింది.

తొమ్మిదింటి బండి దిగింది ఒక్కడే. నెరిసిన జుట్టు, చేతిలో రేకు పెట్టె. ఖాళీ బోర్డు చూసి తెల్లమొహం వేసుకుని నిలబడ్డాడు. బండి కదిలిపోయింది.

"అన్నయ్యా!" అంటూ పరిగెత్తింది టైలరమ్మ.

ఆయన ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. "చిట్టీ! నువ్వేనటే? చూసి ఎన్నేళ్లయిందే!"

ఇంట్లో ఆవిణ్ణి చిట్టి అనే పిలిచేవాళ్లు. ఇంకేం కావాలి? బెంచీ మీద కూలబడి ఇద్దరూ వెక్కివెక్కి ఏడ్చారు. చూసి ఉండబట్టలేక స్టేషన్ మాస్టరు తన ఫ్లాస్కులో టీ రెండు గ్లాసుల్లో పోసి తెచ్చాడు.

"నాన్న చివరిదాకా నిన్నే కలవరించాడు" అంది ఆవిడ, కాస్త తేరుకుని.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "నన్ను కలవరించడమేమిటే? పక్కనే ఉన్నాను కదా! నా చేతుల్లోనే పోయాడు. రానిది నువ్వు."

"నేను రాకపోవడమా? నా ఒళ్లో తల పెట్టుకుని పోతేనూ!"

"మీ ఆయన పంపనన్నాడని కబురు చేశావు. మర్చిపోయావా?"

"మా ఆయనా? నాకు పెళ్లెప్పుడైంది?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈయనకి మతి చలించిందేమో అని ఆవిడకి భయం వేసింది. ఆయనా అదే అనుకుంటున్నట్టు కొంచెం పక్కకి జరిగాడు.

"బాబూ, ఒక్కసారి మీ టికెట్ చూపిస్తారా?" అన్నాడు స్టేషన్ మాస్టరు. చూసి నాలిక్కరుచుకున్నాడు. "ఇది పై స్టేషన్‌ది కదండీ! మీరు ఒక స్టేషన్ ముందే దిగిపోయారు."

"బోర్డు మీద పేరుంటే కదయ్యా తెలిసేది!"

మాస్టరు లోపలికెళ్లి ఫోన్ చేశాడు. పై స్టేషన్లో ఒకావిడ గొడుగేసుకుని, అన్న దిగలేదని ఇందాకట్నుంచీ అందరి ప్రాణాలూ తోడేస్తోందట.

"మా చిట్టే" అన్నాడాయన నీరసంగా. తర్వాత టైలరమ్మకేసి చూసి, "ఏమనుకోకమ్మా" అన్నాడు. ఏమనుకోవాలో ఆవిడకి తెలిస్తే కదా. ఇందాక ఆయన భుజం మీద ఏడ్చిన ఏడుపంతా ఎవరి కోసమో తేలలేదు.

పదకొండున్నర బండిలో ఆయన్ని ఎక్కించారు. అదే బండిలోంచి గుడ్డసంచీతో ఇంకొకాయన దిగాడు. బట్టతల, బండ శరీరం. ఆవిణ్ణి చూసి చేతులు చాచి రెండడుగులు వేశాడు.

టైలరమ్మ వెనక్కి జరిగింది. "ఆగండి. ముందొక మాట చెప్పండి. మా నాన్న ఎలా పోయాడు?"

ఆయన చేతులు అలాగే ఆగిపోయాయి.

"నాన్న పోయాడా?"

సంచీ జారి కింద పడింది. చెప్పలేదు కదా తను, ఉత్తరంలో ఒక్క ముక్కేగా రాసింది. టైలరమ్మ దగ్గరికెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది. ఏడుపు మాత్రం రాలేదు.

"పద అన్నయ్యా," అంది, "ఇంటికెళ్లి చెప్తాను."