రెండు పక్షాలు, ఒక బ్రహ్మయ్య

లేఆఫ్ అనే మాటలోనే అంతా ఉందని బ్రహ్మయ్య సిద్ధాంతం. పొద్దున్నే ‘లే’ అంటుంది, లేచి కూర్చున్నాక ‘ఆఫ్’ అంటుంది. ఇర్వింగ్ ఊళ్ళోని లాస్ కొలీనాస్ పేటలో హోటల్ గదులు బుక్ చేసే కంపెనీలో టెస్టింగ్ మేనేజరుగా ఉండి, మొన్న వేసవికి ముందు ఆఫ్ అయిన మనిషి ఆయన. ఈ సిద్ధాంతాన్ని విన్నది మాత్రం భార్య వసంతలక్ష్మి ఒక్కతే. ఉద్యోగం పోయిన సంగతి తెలిసింది కూడా ఆవిడకొక్కదానికే మరి. ఇర్వింగ్‌లో తక్కిన తెలుగువాళ్ళందరి లెక్కలో ఆయన ‘వర్క్ ఫ్రమ్ హోమ్’. నిజానికి వర్క్ పోయింది, ఫ్రమ్ దేనికీ పనికిరాదు, హోమ్ ఒక్కటే మిగిలింది. ఆ హోమ్ కూడా నిరుద్యోగ భృతి మీద ఒంటికాలితో నిలబడి ఉంది.

ఆ భృతి నెలాఖరుతో సరి. పొడిగించాలంటే వాషింగ్టన్‌లో బిల్లు గట్టెక్కాలి. అది కింది సభ నుంచి పై సభకి వెళ్ళి, అక్కడ నాలుగు సవరణలు తగిలించుకుని మళ్ళీ కిందికి దిగొచ్చి, మెట్ల మధ్యలో కూలబడింది. ఇంకా ఇస్తే జనం సోమరులవుతారని ఒక పక్షం. ఇవ్వకపోతే పస్తులుంటారు, ఆ పాపం మీదేనని రెండో పక్షం.

“శుక్లపక్షం, కృష్ణపక్షం కొట్టుకుంటే మధ్యలో మనకి పక్షవాతం వచ్చేట్టుందే,” అన్నాడు బ్రహ్మయ్య టీవీ కట్టేస్తూ. “అక్కడ ఒక్క బిల్లు కదలదు, ఇక్కడ ఒక్క బిల్లూ ఆగదు!”

వసంతలక్ష్మి నవ్వలేదు. కరివేపాకు దూస్తూ, “ఈ చమత్కారాలు నా దగ్గరెందుకండీ? శనివారం దీపావళి ఫంక్షన్‌కి కాంగ్రెస్‌మన్, ఆ కింది సభలో మన మెంబరు, వస్తున్నాడు కదా. మైకు మీ దగ్గరే ఉంటుంది. అడగండి,” అంది.

“ఏమని?”

“వోటెటు వేస్తావయ్యా అని.”

“ఎవరి కోసం అడుగుతున్నావంటే?”

ఆవిడ కరివేపాకు రెమ్మ పక్కన పెట్టి ఆయన వైపు చూసింది. బ్రహ్మయ్య మళ్ళీ టీవీ పెట్టాడు.

ఆయనకా మైకంటే ప్రాణం. తెలుగు మిత్రమండలిలో ఏ వేడుక జరిగినా వ్యాఖ్యాత ఆయనే. ఆయన నోరు విప్పితే ముందు వరుసలో ముసలాళ్ళ పళ్ళసెట్లు కదిలేవి. అలాంటివాడు రేపు కూరగాయల కొట్లో ఎదురుపడితే జనం నవ్వు ఆపుకుని, గొంతు తగ్గించి, “ఎలా ఉన్నారండీ” అని జాలిగా అడిగితే? ఉద్యోగం పోవడం ఒక ఎత్తు, ఆ దీర్ఘం తీసిన ‘ఎలా’ ఒక ఎత్తు.

పైగా మండలి అధ్యక్షుడు కృష్ణమూర్తికి నాయకుల విషయంలో ఒక పద్ధతుంది. ఇళ్ళు అమ్మిపెట్టే వ్యాపారం ఆయనది. ఎవరొచ్చినా ముందు జ్యోతి ప్రజ్వలన, కార్యవర్గంలో మనిషికో వత్తి. తర్వాత స్పాన్సర్లు ఒక్కొక్కరే వేదికెక్కి పూలగుత్తి ఇవ్వాలి. ఆపైన శాలువా, జ్ఞాపిక, ఫొటో. ఇదంతా ముగిసేసరికి అతిథి వెళ్ళే వేళ అయ్యేది. ఆయన “నమస్తే” అని ఒంకరగా దండం పెట్టి కారెక్కేవాడు. ఇప్పటివరకూ ఇర్వింగ్ తెలుగువాళ్ళు ఏ నాయకుణ్ణీ ఏదీ అడిగిన పాపాన పోలేదు. ఆ చుట్టుపక్కల నాయకుల ఇళ్ళల్లో కిటికీలకి మన శాలువాలే వేలాడుతున్నా ఆశ్చర్యపోనక్కర్లేదు.

“మనం అడిగేవాళ్ళం కాదు బ్రహ్మయ్య గారూ, పెట్టేవాళ్ళం,” అనేవాడు కృష్ణమూర్తి. “అడిగామనుకోండి, నెక్స్ట్ టైమ్ రాడు.”

“వచ్చి మాత్రం ఏం చేస్తున్నాడండీ?”

“ఫొటో దిగుతున్నాడు కదండీ!”

శనివారం సాయంత్రం హైస్కూలు ఆడిటోరియం పట్టుచీరలతో గరగరలాడింది. కాంగ్రెస్‌మన్ వెంట వచ్చిన ఆయన ఆఫీసు అమ్మాయి రాగిణి మన పిల్లే, ఇక్కడే పుట్టింది. తెర పక్కన బ్రహ్మయ్య చెవిలో, “అంకుల్, సార్‌కి ప్లేనోలో ఇంకో ఈవెంట్ ఉంది. కొంచెం క్విక్‌గా చేస్తారా, ప్లీజ్?” అంది.

బ్రహ్మయ్య చేతిలో స్పాన్సర్ల పేర్ల కార్డుంది. వాళ్ళంతా అప్పటికే కండువాలు సర్దుకుని మెట్ల దగ్గర వరుసగా నిలబడ్డారు. మూడో వరుసలో వసంతలక్ష్మి కూర్చుని ఉంది. ఆయన ఆవిణ్ణి చూశాడు, కార్డుని చూశాడు, కార్డు జేబులో పెట్టేశాడు.

“వేదికని అలంకరించవలసిన పెద్దలందరూ మెట్లని ఇప్పటికే దివ్యంగా అలంకరించి ఉన్నారు గనక, అక్కడే అలంకారంగా ఉండిపొమ్మని మనవి,” అన్నాడు మైకులో. “దీపం ఒక్కరు వెలిగించినా వెలుగు అందరికీ వస్తుంది. ఇప్పుడు శాలువా!”

హాలు ఘొల్లుమంది. మెట్ల మీద మాత్రం ఒక్కరూ నవ్వలేదు. శాలువా తెచ్చిన కృష్ణమూర్తి పళ్ళు బిగించి, “ఏంటండీ ఇది? వాళ్ళు డబ్బులిచ్చారండీ!” అని గొణిగాడు. బ్రహ్మయ్య ఆ శాలువా అందుకుని అతిథి భుజాల చుట్టూ తిప్పి, రెండు అంచులూ ముందుకి లాగి పట్టుకున్నాడు.

మన సన్మానంలో ఒక నియమం ఉంది. ఫొటోగ్రాఫర్ చాలనేదాకా కప్పినవాడు వదలకూడదు, కప్పించుకున్నవాడు కదలకూడదు. మండలి ఫొటోగ్రాఫర్ ఫణి కెమెరా ఎత్తి, “సార్, ఇటు… ఒక్కటి… అయ్యో, ఫ్లాష్ పడలేదు, ఇంకొక్కటి సార్!” అంటున్నాడు. కాంగ్రెస్‌మన్ పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ నిలబడి ఉన్నాడు. ఇంతకంటే కదలని ప్రజాప్రతినిధి జన్మలో దొరకడని బ్రహ్మయ్యకి తట్టింది. తన కాలరుకి మైకు తగిలించే ఉంది.

“సార్, ఆ భృతి పొడిగింపు బిల్లు,” అన్నాడు ఇంగ్లీషులో. “మీ వోటెటు?”

కాంగ్రెస్‌మన్ నవ్వు చెదరలేదు. అది చాలా ఎన్నికలు చూసిన నవ్వు. “కష్టమైన విషయం మిత్రమా. అవతలి పక్షం ఒక్క అడుగు ముందుకేస్తే మేము రెడీ.”

“వాళ్ళనడిగితే మిమ్మల్ని చూపిస్తున్నారు సార్. మీరు వాళ్ళనీ వాళ్ళు మిమ్మల్నీ చూపించుకుంటుంటే, మా వైపు చూసేవాడెవడు?”

హాలు మళ్ళీ నవ్వింది. ఇది కూడా కార్యక్రమంలో భాగమే అనుకున్నారు. కాంగ్రెస్‌మన్ కూడా నవ్వి, ఈసారి కాస్త మనసిచ్చి మాట్లాడాడు. “నిజం చెప్పనా? ఈ విషయం మీద మీ కమ్యూనిటీ నుంచి నా ఆఫీసుకి ఒక్క ఫోను కూడా రాలేదు. మీరంతా బాగా స్థిరపడ్డవాళ్ళు. మీలో ఉద్యోగం పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?”

“నో సర్, నో సర్!” కృష్ణమూర్తి చేతి మైకందుకుని మధ్యలో దూరాడు. “అవర్ పీపుల్ ఆల్ వర్కింగ్ సర్! వుయ్ గివ్ జాబ్స్ టు అదర్స్!”

చప్పట్లు మోగాయి. బ్రహ్మయ్య చేతుల్లో శాలువా అంచులు చెమటకి తడిశాయి. ఇక్కడ నోరు మూసుకుంటే పరువు మిగులుతుంది, తలూపుకుంటూ కారెక్కే ఆ పెద్దమనిషికి ఈ ఊళ్ళో అందరూ సుఖంగా ఉన్నారన్న నమ్మకమూ మిగులుతుంది. నోరు తెరిస్తే ఏం మిగులుతుందో తెలియదు.

“ఉన్నాడు సార్ ఒకడు,” అన్నాడు. “నేనే.”

అంతే, హాలు పగలబడింది. వెనక వరుసలో ఎవరో ఈల కూడా వేశారు. బ్రహ్మయ్య నోట్లోంచి నిజం వస్తుందని ఎవరనుకుంటారు? ఆయన నిలబడి చూస్తున్నాడు. ఇన్నేళ్ళుగా తను నవ్వించిన జనం, ఎంత బాగా నవ్వడం నేర్చుకున్నారో!

మూడో వరుసలో వసంతలక్ష్మి లేచి నిలబడింది. కొంగు భుజం మీదికి లాక్కుని, భర్త మొహం వైపు చూస్తూ అలాగే నిలబడింది. ముందు ఆవిడ పక్కవాళ్ళ నవ్వు ఆగింది, తర్వాత ఆ వెనక వరుసది, ఆ వెనకది. ఈల వేసినవాడు గొంతు సవరించుకున్నాడు.

“ఇంకెవరైనా?” కాంగ్రెస్‌మన్ శాలువాలోంచే హాలు వైపు తిరిగి అడిగాడు.

ఎవరూ చెయ్యెత్తలేదు. కొందరు ఫోన్లలోకి చూసుకున్నారు. వెనక తలుపు పక్కన, భోజనాల బల్ల దగ్గర మాత్రం ఒక గరిటె పైకి లేచింది. పులిహోర మెతుకులంటిన గరిటె. పట్టుకున్నది ఉమామహేశ్వరి, అధ్యక్షులవారి అర్ధాంగి.

“నువ్వెందుకే ఎత్తావు?” కంగారులో కృష్ణమూర్తి మైకు నోటి ముందే ఉందని మరిచిపోయాడు.

“బ్యాంకు వాళ్ళు నన్ను పంపించేసి నాలుగు నెలలైంది కాబట్టి!” ఆవిడకి మైకు అక్కర్లేకపోయింది. “భృతికి అప్లై చేస్తానంటే పరువు పోతుందన్నావు. ఆల్ వర్కింగ్ అట, ఆల్ వర్కింగ్!”

ఫణి కెమెరా దించేశాడు. బ్రహ్మయ్య శాలువా వదిలాడు. కాంగ్రెస్‌మన్ దాన్ని తనే భుజం మీద సర్దుకుని, “నేను మాటివ్వలేను. కానీ విన్నాను,” అని బ్రహ్మయ్య చెయ్యి పట్టుకుని ఊపి, వెళ్ళిపోయాడు.

తెర వెనక కృష్ణమూర్తి కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. “ఉగాదికి వ్యాఖ్యాత వేరేవాళ్ళు!” అన్నాడు బ్రహ్మయ్యతో.

“ఇక్కడా లేఆఫేనా?” అన్నాడు బ్రహ్మయ్య. ఆయనకే నవ్వు రాలేదు.

అంతలో రాగిణి పరుగున తిరిగొచ్చింది, చేతిలో ఫోనుతో. వసంతలక్ష్మి, గరిటె కింద పెట్టని ఉమామహేశ్వరి కూడా అప్పటికి అక్కడికి చేరారు.

“అంకుల్, సార్ ఇంకా కార్‌లోనే ఉన్నారు. మండే హౌస్‌లో, అదే కింది సభలో, దీని గురించి మాట్లాడ్తా అన్నారు. వోట్ ఎటో నాకు తెలీదు, నిజంగా తెలీదు. బట్ పేర్లు అడిగారు. పేరు లేకపోతే అది జస్ట్ నంబర్, ఎవరూ వినరు. కానీ అంకుల్… అది టీవీలో వస్తుంది. అందరూ చూస్తారు. ఓకేనా?”

బ్రహ్మయ్య భార్య వైపు చూశాడు. ఆవిడ అప్పుడే ఎక్కడినుంచో ఒక కుర్చీ లాక్కొచ్చి ఆయన వెనక పెట్టింది, కూర్చోమన్నట్టు. ఆయన కూర్చున్నాడు.

“ఇంకా చూడనివాళ్ళెవరు మిగిలారమ్మా?” అన్నాడు. “రాసుకో. బ్రహ్మయ్య. బిల్లు పాసైనా ఫెయిలైనా మార్చే పేరు కాదు.”

“నాదీ రాయి రాగిణీ,” అంది ఉమామహేశ్వరి. “ఉమ అని పెట్టు, చాలు.”

కృష్ణమూర్తి గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. అతిథి హడావుడిలో అందుకోకుండానే వెళ్ళిపోయిన జ్ఞాపిక ఆయన చంకలో ఉంది. ఆయన గోడకే చెప్తున్నట్టు అన్నాడు:

“ఉమ అంటే ఏ ఉమో అనుకుంటారమ్మా. ఉమామహేశ్వరి అని పూర్తిగా రాయి. కృష్ణమూర్తి గారి భార్య అని కూడా రాయి.”