అత్తగారి తీగ

మా ప్రయోగశాలలో పెద్దావిడకు అత్తగారన్న పేరు పెట్టింది నేనే. ఎవరేం కొలిచినా వంక పెట్టకుండా వదలదు. రెండు గదుల మధ్య దూరాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచేదాకా మా ప్రాణాలు తోడేసిన మనిషి.

ఆ దూరాన్ని ఒక కణం ఎంతసేపట్లో దాటుతుందో కొలవడం మా పని. కణం మొదటి గదిలో కనబడగానే గడియారం మొదలవుతుంది, రెండో గదిలో కనబడగానే ఆగుతుంది. పట్టాల్సినదానికన్నా తక్కువ సమయం పట్టిందని తేలేసరికి మా కాళ్లు నేలమీద నిలవలేదు. పాఠ్యపుస్తకాలు తిరగరాయించే ఫలితం అది, అత్తగారి జీవితకాలపు కష్టం. మర్నాడే సభలో ప్రకటించాలి.

అందరం సభ హడావిడిలో ఉంటే, గదికొకటిగా గడియారానికి కబురు మోసే రెండు తీగలనూ ఒకదాని చోట ఒకటి పెట్టి మళ్లీ కొలుద్దామంది అత్తగారు. నాకు ఒళ్లు మండింది. నోటిదాకా వచ్చిన ముద్దను లాగేస్తుందేమిటని గొణుక్కుంటూనే మార్చాను.

తేడా తిరగబడింది. ముందు ఎంత తక్కువ చూపించిందో ఇప్పుడు అంతే ఎక్కువ సమయం చూపించింది. కణం తొందరపడలేదు, ఒక తీగ కబురు ఆలస్యంగా తెస్తోందన్నమాట. వెతికితే, మొదటి గదికి వేసిన తీగ ఒక బీరువా వెనకనుంచి చుట్టూ తిరిగి వస్తోంది. అడ్డొచ్చిందని పొడవాటి తీగ వేశాం, లెక్క మాత్రం పాత పొడవుతోనే కట్టాం; గడియారం ఆలస్యంగా మొదలై సమయం తగ్గినట్టు కనబడింది. కొలత పరికరాలు భద్రంగా ఉండాలని ఆ బీరువా కొనిపించిందీ అత్తగారే, దగ్గరుండి తీగ వేయించిందీ ఆవిడే.

డైరెక్టరు నీళ్లు నమిలాడు. సభ అయ్యాక తీరిగ్గా చూసుకోవచ్చన్నాడు. ఆమె వినలేదు. పొరపాటు తనదేనని రేపు తనే చెబుతానంది.

ఆయన వెళ్లాక, ముందే అనుమానం వచ్చిందా అని అడిగాను.

“లేదు. నిజమేనని గట్టిగా నమ్మాను. తీగలు మార్చినా తేడా అలాగే ఉంటుంది, ఇక నన్నెవరూ కాదనలేరు అనుకున్నాను. నువ్వు అంకె చదువుతుంటే కళ్లు మూసుకుని కూర్చున్నాను.”

అంతగా కావాలనుకున్నదాన్ని అలా పరీక్షకు పెట్టడం ఎంతమందికి చేతనవుతుంది?

“రేపు ముందు వరసలో కూర్చో,” అంది. “మధ్యలో నా గొంతు పూడుకుపోతే మిగతాది నువ్వు చెప్పెయ్.”

మర్నాడు ఆమె గొంతు ఒక్కసారి కూడా వణకలేదు. మిగతాది చెప్పాల్సి వచ్చుంటే మాత్రం నావల్ల అయ్యేది కాదు.