సూరిబాబు కూతురి గ్రూపు ఫైలు

నేను ఒక ఇంటర్మీడియట్ దరఖాస్తు ఫారాన్ని. శుభలేఖలూ సంతాప పత్రాలూ ఒకే మిషను మీద అచ్చువేసే చిన్న ప్రెస్సులో, రెండు పెళ్లిళ్ల ఆర్డర్ల మధ్య తీరిక దొరికినప్పుడు పుట్టాను. నాలో పద్నాలుగు గళ్లున్నాయి. పేరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు వగైరా పదమూడు గళ్లు నింపడానికి ఆ ఇంట్లో అరగంట పట్టింది. 'కోరిన గ్రూపు' అన్న పద్నాలుగో గడి దగ్గర కలం ఆగిపోయింది. నా బతుకంతా ఆ గడి దగ్గరే తెల్లారింది.

ఆ ఇల్లు సూరిబాబుది. గోదావరి జిల్లాల్లో ఒకానొక కలెక్టరేటులో ఆయన ఇరవై రెండేళ్లుగా అటెండరు. ఊరి పేరెందుకులెండి, అక్కడ ఇంకా ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లున్నారు. గంట మోగితే లేవడం, ఫైలు మోయడం, మళ్లీ వచ్చి స్టూలు మీద కూర్చోవడం, ఇదీ ఆయన పని. కూతురు జ్యోత్స్న పదో తరగతి పాసయ్యేసరికి ఆయనకు ఒకటే కోరిక మిగిలింది. తను ఇన్నేళ్లూ విన్న ఆ గంటను కూతురు కొట్టాలి. ఆ మాట భార్యకు రెండుసార్లు చెప్పాడు. ఆ కోరికను నేను ఎగతాళి చేయను.

"నాకూ ఆ కలెక్టరు పరీక్ష రాయాలనే ఉంది నాన్నా" అంది జ్యోత్స్న. "దానికి ఏ గ్రూపైనా ఫర్లేదని మా సోషల్ టీచరు చెప్పారు. నాకు చరిత్రంటే ఇష్టం. హెచ్.ఇ.సి. రాసెయ్."

"చరిత్రేంటే? రాజులు పోయి ఎన్నాళ్లయింది! ఎందులోనూ సీటు రానోళ్లు తీసుకునే గ్రూపంట కదా అది. కలెక్టరవ్వాలంటే ఏం చదవాలో నీకేం తెలుసు? మా ఆఫీసు నిండా ఆఫీసర్లే. కనుక్కునొస్తానుండు."

అది సోమవారం. ఆఖరి తేదీ శనివారం.

ఆఫీసులో సలహాలకు కరువా? సూపరింటెండెంటు పేర్రాజు గారు, "కళ్లు మూసుకుని ఎం.పి.సి. ఇప్పించు. లెక్కలొచ్చినవాడికి లోకం దాసోహం" అన్నారు. ఆయన డిగ్రీలో లెక్కలు రెండుసార్లు తప్పిన సంగతి ఆఫీసంతటికీ తెలుసు. డిప్యూటీ తహశీల్దారు ఇందిరాదేవి గారు, "బైపీసీ పెట్టించు సూరిబాబూ. కలెక్టరు కాకపోతే డాక్టరైనా అవుతుంది" అన్నారు, డాక్టరవడమంటే బస్సు తప్పితే ఆటో ఎక్కినట్టు. పరిపాలనాధికారి ఏ.ఓ. గారు సి.ఇ.సి. తప్ప గతి లేదన్నారు. ముగ్గురికీ ముమ్మాటికీ సందేహం లేదు.

సూరిబాబుకు తల వేడెక్కింది. నన్ను తీసుకెళ్లి పేర్రాజు గారి బల్ల మీద పెట్టి, "ఆ గడిలో మీ చేత్తో రాసెయ్యండి బాబూ. మీ చెయ్యి మంచిది" అన్నాడు.

అప్పటిదాకా సింహంలా మాట్లాడిన పెద్దమనిషి కలం పట్టేసరికి పిల్లి అయిపోయారు. నోటిమాట గాలికి పోతుంది, రాతకు జవాబు చెప్పుకోవాలి కదా! "విడి కాగితం మీద నేను రాయనయ్యా. ఫైల్లో పెట్టి పట్టుకురా" అన్నారు.

సూరిబాబు నాకు మూలన చిల్లు పొడిచి, ట్యాగు దూర్చి, అట్టకు కట్టాడు. ఆ చిల్లుతో నేను ఫారాన్ని కాకుండా పోయి ఫైలునయ్యాను. ఇన్‌వర్డు గుమాస్తా ఏమీ చదవకుండానే నాకొక నంబరు వేశాడు. పేర్రాజు గారు, "అభ్యర్థిని భవిష్యత్తు దృష్ట్యా తగు గ్రూపు విషయమై పరిశీలనకు సమర్పించడమైనది" అని రాశారు. ఇందిరాదేవి గారు, "ఇటువంటి సందర్భాల్లో గతంలో ఏం చేశారో చూడండి" అన్నారు. ఏ.ఓ. గారు ఒక్క మాటే రాశారు: "చర్చించండి." ఎవరితోనో రాయలేదు. వీళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. సూరిబాబంటే అందరికీ అభిమానమే. ఆ అభిమానంతోనే నన్ను మరో మెట్టు పైకి పంపారు.

శనివారం మధ్యాహ్నానికి నేను పై అంతస్తులో, క్యాంపుకు వెళ్లిన పెద్ద ఆఫీసరు బల్ల మీద, కిటికీ పక్కన ఉన్నాను. కింద వరండాలో జ్యోత్స్న గొంతు వినిపించింది.

"నాన్నా, ఫారం ఏదీ? మూడింటికి కాలేజీలో తీసుకోవడం ఆపేస్తారు."

"పైకెళ్లిందమ్మా. సారు రాగానే సంతకమైపోద్ది. సోమవారం కల్లా..."

"ఇవాళే ఆఖరు! అది నా ఫారం నాన్నా. నేను చెప్పింది రాయడానికి ఇంతమంది సంతకాలెందుకు?"

"గట్టిగా అనకే, ఆఫీసు. పైకెళ్లిన ఫైలు కిందోడు లాక్కురాకూడదమ్మా. అదో పద్ధతి."

ఆ పిల్ల చెప్పుల చప్పుడు గేటు వైపు వెళ్లిపోయింది. నాకు కాళ్లుంటే మెట్లు దిగి వెళ్లేదాన్ని.

మిగతాది మంగళవారం తెలిసింది. నన్ను కిందికి మోసుకొస్తూ, మెట్ల మీద సూరిబాబు నాతోనే చెప్పుకున్నాడు. కాలేజీలో ఫారాలు అయిపోయాయట. అక్కడి గుమాస్తా తెల్లకాగితం మీద రాసిమ్మన్నాడట. జ్యోత్స్న అక్కడికక్కడే రాసి, వెంట వచ్చిన తల్లి చేత సంతకం పెట్టించి, హెచ్.ఇ.సి.లో చేరిపోయింది.

ఇంతమంది పెద్దలను అడిగి, చివరికి పిల్ల తన ఇష్టం వచ్చింది తీసుకుందని చెప్పడానికి సూరిబాబుకు తల కొట్టేసినట్టయింది. ఎవరైనా "మీ అమ్మాయి గ్రూపు ఏమైందయ్యా?" అంటే, "పరిశీలనలో ఉందండి" అనేవాడు. అందరూ తృప్తిగా తలూపేవారు. ఇంట్లో మాత్రం కూతురి పుస్తకాల వంక చూసేవాడు కాదట. ఆ పిల్ల పాఠం పైకి చదువుతుంటే లేచి వీధిలోకి వెళ్లిపోయేవాడట.

నేను మాత్రం తిరుగుతూనే ఉన్నాను. రెండేళ్లలో పందొమ్మిది సంతకాలు పడ్డాయి నా మీద. జ్యోత్స్న ఇంటర్ ముగించి, చరిత్రే ప్రధానంగా డిగ్రీలో చేరింది. అప్పుడొచ్చిన కొత్త ఆఫీసరు పాత ఫైళ్లన్నీ తెప్పించుకుని, నన్ను మొదటినుంచి చివరిదాకా చదివింది. ముందు నవ్వింది. తర్వాత పచ్చసిరాతో రాసింది: "ఈ అమ్మాయి ఏం కావాలంటోంది? ఎవరైనా విన్నారా?"

పేర్రాజు గారు సూరిబాబును పిలిచారు. "మేడమ్ గారికి జవాబివ్వాలయ్యా. ఏమని రాయమంటావు?"

సూరిబాబు నన్ను చేతుల్లోకి తీసుకున్నాడు. ఇన్నేళ్లలో ఆయన ఒక ఫైలును మోయకుండా చదవడం అదే మొదటిసారి. పేజీలన్నీ తిప్పాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"మొదటి రోజే చెప్పిందండి. నేనే ఇన్లేదు. అలాగే రాయండి."

పేర్రాజు గారు కలం మూత తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీశారు. చివరికి, "తదుపరి చర్య అవసరం లేదు" అని రాసి, నన్ను రికార్డు గదికి పంపించేశారు. సూరిబాబు అన్న మాట నాలో ఎక్కడా లేదు. అందుకే నోరు లేనిదాన్నయినా ఇంత చెప్పాల్సి వచ్చింది.