నూటపదిహేడో చెట్టు

కృపాదానం నరసరావుపేట బడిపంతులు కొడుకు. వాల్తేరులో పరిశోధన చేస్తున్నాడు. అతని ప్రొఫెసరుది అదో రకం పట్టుదల. "అడవంటే ఒట్టి చెట్లేనటయ్యా? చెట్లనూ లెక్కపెట్టు, వాటి మీద బతికే మనుషులనూ అడిగి రాసుకో. రెండూ కలిస్తేనే నీకు డిగ్రీ" అని మాచర్ల అవతలి అడవికి తోలాడు. సాగర్ ఆనకట్ట లేస్తోంది. ఆ అడవీ, అందులోని నెమలిగూడెమూ రేపో మాపో మునిగిపోయేవే. ఆలోగా అన్నీ రాసేసుకోవాలని కుర్రవాడి ఆత్రం.

చలికాలమంతా చెట్టు చెట్టుకూ ఎర్రరంగుతో నంబరు వేశాడు. గూడెంలోని బుల్లెమ్మ అతని వెంట నడుస్తూ ఏ చెట్టు దేనికి పనికొస్తుందో చెప్పేది. ఒక ఇప్పచెట్టు దగ్గర మాత్రం ఆగిపోయింది.

"ఇది దేనికీ గాదు బాబూ. ఇది మా సుందరి."

గూడెంలో ఎవరైనా పోతే ఒక చెట్టుకు వాళ్ల పేరు పెడతారు. పోయినవాళ్లు అందులోనే ఉంటారు. పెట్టిన పేరుతో పిలిస్తేనే పలుకుతారు, పిలిచినవాళ్ల వెంటే నడుస్తారు. జ్వరంతో పోయిన కూతురి పేరు బుల్లెమ్మ ఈ చెట్టుకు పెట్టుకుంది.

"సుందరీ!" అని పిలిచింది. గాలి లేదు. అయినా ఆకులు గలగలమన్నాయి. కృపాదానం ఒళ్లు ఝల్లుమంది కానీ పైకి నవ్వేశాడు. చదువుకున్నవాడు కదా!

"ఎండలు ముదిరి కాయలు పండినాక, ఓ గింజ పట్టుకుబోయి కొత్త చోట నాటుకుంటా. అప్పుడే పిల్ల నాతో వచ్చేది. అందాకా దీన్ని ఎవురూ ముట్టుకోగూడదు. నువ్వు గూడా ఏం రాయమాక."

"అట్లాగే పెద్దమ్మా" అన్నాడు.

కానీ ఒక్క చెట్టు వదిలినా లెక్క చెడుతుంది. ఆమె అటు వెళ్లగానే దానిమీద నంబరు వేసి, అలవాటు కొద్దీ పైకే చదివాడు. "నూటపదిహేడు."

ఆకులు గలగలమన్నాయి.

ఈస్టరుకు ఇంటికి వెళ్లి వచ్చేసరికి అడవి అలాగే ఉంది. అతను రంగు వేసిన చెట్లు మాత్రం లేవు. మునిగే కలపను వేలంలో పాడుకున్న కంట్రాక్టరు మనుషులు, రంగు ఉన్నవే కొట్టవలసినవనుకున్నారు. మిగతావన్నీ నిలబడి అతన్ని చూస్తున్నట్టే ఉంది. ఇప్పమోడు పక్కన బుల్లెమ్మ కూర్చుని ఉంది. కాయ ఇంకా కట్టనేలేదు, పూతంతా నేలమీద వాడిపోయింది.

"పిలుస్తుంటే పలకట్లా బాబూ" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే కృపాదానానికి ప్రాణం కాస్త కుదుటపడేది.

ఆనాటి నుంచి అది అతన్ని పట్టుకుంది. రైల్లో వెనక బల్ల మీద ఆకుల గలగల. వాల్తేరు గదిలో కిటికీలు బిగించినా మూలనుంచి గలగల, ఇప్పపూల మత్తువాసన. చెవుల డాక్టరుకు చూపించుకున్నాడు. ప్రార్థనకు కూర్చుంటే పక్కనే మరెవరో మోకరించినట్టుండేది. భయంతో మనిషి సగమయ్యాడు. భయంకన్నా సిగ్గు ఎక్కువ తినేసింది. ఇక ఉండబట్టలేక మాచర్ల రైలెక్కాడు.

గూడేన్ని మాచర్ల బయట రాళ్లమిట్ట మీదికి మార్చారు. మచ్చుకైనా చెట్టు లేదు. అతను గుడిసె ముందు నిలబడితే బుల్లెమ్మ అతన్ని చూడలేదు. అతని వెనక్కి చూసింది. ఆమె మొహం వెలిగిపోయింది.

"వచ్చినావా తల్లీ! సుందరీ, రా లోపలికి!"

ఉలుకూ పలుకూ లేదు.

"సుందరీ!"

ఆమె అతని వైపు తిరిగింది. "నీ ఎనకాలే ఉంది బాబూ. నా పిలుపు దానికి అందట్లా. నువ్వేందో పేరు పెట్టినావు. ఏం పేరది?"

 ఒక తల్లితో ఆ మాట ఎలా అనడం? బుల్లెమ్మ అతని రెండు చేతులూ పట్టుకుంది. "చెప్పు నాయనా. నీకు పుణ్యముంటది."

"నూటపదిహేడు" అన్నాడు, తల వంచుకుని.

వీపు వెనక ఆకులు గలగలమన్నాయి.

బుల్లెమ్మ కళ్లు తుడుచుకుంది. ఎన్నడూ పలకని ఆ మాటను నోట్లోనే కూడబలుక్కుంది. తర్వాత తడిక తీసి పట్టుకుని, ఆడుకునే పిల్లను అన్నానికి పిలిచినట్టు పిలిచింది.

"నూటపదిహేడూ... రామ్మా."

ఆకుల చప్పుడు అతన్ని దాటుకుని లోపలికి వెళ్లింది. బుల్లెమ్మ తడిక వేసుకుంది.