నొగ మీది బరువు

తలుపు తగిలిందన్నాడు ఉపేందర్. నుదుటి మీద మూడు కుట్లు పడేంతగా ఏ తలుపు తగులుతుందో అతని తల్లి కొమురమ్మకు అర్థం కాలేదు. రెండు రోజులు అడిగి అడిగి విసిగింది. మూడోనాడు నెల్లికుదురు అంగడిలో మరిపెడ పక్క తండా మంగ్లీ ఎదురుపడి, "అక్కా, నీ కొడుకు బండి తాటిచెట్టుకు గుద్దిందట గద, పాణం మంచిగున్నదా?" అనేసరికి చేతిలోని టమాటల సంచి జారిపోయింది. ఏరుకోకుండానే ఇంటిదారి పట్టింది.

ఉపేందర్ నడిపేది వెంకట్రాం పటేల్ పికప్ బండి. దాని వెనక కొండికి రెండు చక్రాల కంప్రెసర్ తగిలించి ఊరూరా తిప్పుతారు. ఎండాకాలం నీళ్లు అడుగంటిన బావుల్లో బండకు తూట్లు పొడవాలంటే ఆ మిషన్ రావాల్సిందే. మరిపెడ దగ్గర మిట్ట ఎక్కుతుంటే దాని బరువుకు పికప్ వెనక భాగం కుంగింది, ముందు చక్రాలు నేల మీద నిలవలేదు. స్టీరింగ్ ఎటు తిప్పినా బండి మాట వినలేదు. తాటిచెట్టు అవతల గట్టు లేని బావి ఉంది.

"బావిల పడుతుంటివి కదరా! నాతోని తలుపని చెప్తవా?"

"నిజం చెప్తె ఊకుంటవా అవ్వా? వాడకట్టంత జమయ్యేటట్టు ఏడుస్తవు."

"ఏడుస్తనా? ఈసారి ఏడ్వ. చూస్తుండు."

మర్నాడు కంప్రెసర్‌తో సహా బండి జనగామకు బయలుదేరుతుంటే, ఎవరూ పిలవకుండానే ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. దారంతా తలుపు పిడి వదల్లేదు. ప్రతి కల్వర్టు దగ్గరా కొడుకును ఏ పక్కకు లాగి దూకాలో లెక్కేసుకుంటూనే ఉంది. వెనక మోటారు సైకిల్ మీద పటేల్ వస్తున్నాడు.

గట్టయ్య మిస్త్రిది కమాన్ల షాపు. కమాన్ అంటే ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన కట్ట. బండి బరువంతా దాని మీదే కూర్చుంటుంది. గట్టయ్య బండి కిందికి దూరి చూసి, "కట్ట సపాటైంది. వంపే లేదు" అన్నాడు.

"ఇరుసు మీద రెండు కట్టె మొద్దులు పెట్టి కొట్టు, పోతం" అన్నాడు పటేల్. "రేపు పొద్దుగాల చిట్యాలల బావికాడ ఉండాలె. వానలు పడ్డంక మన మొకం ఎవడు చూస్తడు?"

"మొద్దు పెడితె కమాన్ ఆడదు గద!" కొమురమ్మ అందుకుంది. "గుంతల దెబ్బంత ఇరుసుకే. ఇరుసు ఇరిగితె సచ్చేది నా కొడుకు, నువ్వు కాదు పటేలా."

గట్టయ్య నవ్వాడు. "అవ్వ కమాన్ల కాలేజీల సదివినట్టున్నది."

షాపులో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఉపేందర్ చెవులు ఎర్రబడ్డాయి. "నువ్వు పోయి చాయ్ తాగరాదే అవ్వా!"

"నువ్వే తాగు. ముందుగాల నీ కుట్లు మాననియ్యి."

ఉపేందర్ తల్లి వైపు చూడకుండా మిస్త్రితో అన్నాడు. "కట్ట మీద నాలుగేసి హెల్పర్ పట్టీలు ఎక్కియ్యి, దొడ్డువి. ఇగ జన్మల కుంగొద్దు."

"మిషన్‌ను బావికాడ ఇడిచిపెట్టి ఒట్టి బండి తోలుకొస్తవు చూడు, అప్పుడెట్లుంటది?" అడిగింది కొమురమ్మ.

గట్టయ్య తల గోక్కున్నాడు. "అప్పుడు జర ఎగుర్తది. మేకపిల్ల లెక్క."

"ఎగిరి ఏడ పడ్తది?"

"పోనీ రబ్బరు దిమ్మెలు పెడ్త" అన్నాడు గట్టయ్య. "మెత్తగుంటయి. కని గింత బరువుకు రెండు నెలలు ఆగయి."

మొద్దులు, పట్టీలు, రబ్బర్లు. దేన్ని తలుచుకున్నా కొమురమ్మకు కొడుకు రక్తమే కనబడుతోంది. వీళ్లకు మాత్రం నవ్వులాట. ఆ కోపంతోనే బయటికొచ్చి కంప్రెసర్ దగ్గర నిలబడింది. డీజిల్ డ్రమ్ము, ఇనుప రాడ్లు, సమ్మెటల పెట్టె, అన్నీ దాని ముందు భాగంలో, కొండి పక్కనే తాళ్లతో కట్టి ఉన్నాయి.

చచ్చిపోయిన పెనిమిటి భిక్షపతి గుర్తొచ్చాడు. ఎడ్లబండిలో బస్తాలు వేశాక, నొగ చివర కాడి కింద భుజం పెట్టి ఎత్తి చూడనిదే ఎడ్లను కట్టేవాడు కాదు. లేవకపోతే రెండు బస్తాలు వెనక్కి, మరీ తేలిగ్గా లేస్తే ముందుకు. ముప్పై ఏళ్లు ఆ బస్తాలకు చెయ్యి వేసింది తనే.

"కొండి ఇప్పి గీ నొగ లేపుండ్రి" అంది, కంప్రెసర్‌ను బండికి కలిపే ఇనుప దూలాన్ని చూపిస్తూ.

ఇద్దరు పట్టారు. కదల్లేదు. నలుగురు పడితే జానెడు లేచింది.

"చూసినవా పటేలా? గింత బరువు నీ ఎడ్ల మెడ మీద పెడ్తవా? ఎడ్లకున్న పాటి ఇలువ నా కొడుకుకు లేదా?"

"సామాను ముందుంటెనే చేతికందుతది. మాకు తెల్వదా?" పటేల్ గొంతు పెరిగింది. "డ్రైవర్లకు కరువు లేదు. ఉపేందరూ, మీ అవ్వను బస్సెక్కియ్యి. లేకుంటె చాబీ ఇటియ్యి."

ఉపేందర్ చేతిలో తాళంచెవి ఉంది. కొమురమ్మ దాన్నే చూస్తోంది. ఇచ్చేస్తే కొడుకు బతుకుతాడు, బువ్వ పోతుంది. ఇవ్వకుండా ఇలాగే తోలితే బువ్వ ఉంటుంది, కొడుకు ఉండడు.

గట్టయ్య సుత్తె కింద పెట్టి వచ్చాడు. వాళ్ల నాయిన ఎడ్లబండి చక్రాలకు ఇనుప కట్లు వేసి బతికినవాడు. నొగ కింద తన భుజమే పెట్టి మెడ నరాలు ఉబ్బేదాకా ఎత్తి చూశాడు. ఈసారి నవ్వలేదు.

"పటేలా, అవ్వ చెప్పింది నిజం. ముందుగాల గీ నొగ మీది బరువు తియ్యకపోతె ఎన్ని పట్టీలేసినా దండుగ."

ఉపేందర్ తాళంచెవి జేబులో వేసుకున్నాడు. వెళ్లి డ్రమ్ము తాడు విప్పాడు.

డ్రమ్మును కంప్రెసర్ ఇరుసు వెనక్కి దొర్లించారు, పెట్టెనూ రాడ్లనూ వెనక్కి జరిపారు. ఇప్పుడు నొగ ఇద్దరికి లేచింది, అదీ కష్టంగానే. మళ్లీ కొండికి తగిలిస్తే పికప్ వెనక భాగం మునుపటికంటే బెత్తెడు ఎత్తులో నిలిచింది. గట్టయ్య రెండు పక్కలా ఒక్కో పొట్టి హెల్పర్ పట్టీ వేశాడు. కట్టకు పైన సందు వదిలి బిగించాడు. ఒట్టి బండికి తగలదు, బరువు పడితేనే ఆనుతుంది. పటేల్ పొద్దంతా పోయిందని తిట్టుకుంటూ మోటారు సైకిల్ తన్ని ముందే వెళ్లిపోయాడు.

చిట్యాల దాకా తనూ వస్తానంది కొమురమ్మ. వద్దనే ధైర్యం ఉపేందర్‌కు లేదు.

ఊరు దాటాక మొదటి మిట్ట వచ్చింది. ముందు చక్రాలు రోడ్డును పట్టుకునే ఎక్కాయి. స్టీరింగ్ ఎటు తిప్పితే బండి అటు తిరిగింది.

"ఇగనన్న జర నవ్వు అవ్వా."

ఆమె నవ్వలేదు. ముందు దిగుడును చూస్తోంది. "ఎక్కుడు సరే. దిగేటప్పుడు మిషన్ మన మీదికి తోసుకొస్తె? బ్రేకులు ఎవలు చూసిండ్రు?"

మిస్త్రి చూశాడని చెప్పబోయి ఉపేందర్ నుదుటి కుట్లు తడుముకున్నాడు.

"ఎవ్వలు చూడలే అవ్వా" అన్నాడు.

మిట్ట మీదే బండి పక్కకు ఆపి, చక్రాల కింద రాళ్లు పెట్టి, పానాలు తీసుకుని బ్రేకులు చూడటానికి కిందికి దూరాడు.