నబోర్‌కి పడ్డ తిట్లు

కరోనా వచ్చిన రెండో ఏడు, అరవై దాటినవాళ్ళెవరూ కట్టడంలో అడుగు పెట్టకూడదని మా కంపెనీ వాళ్ళు తేల్చేశారు. మా మేస్త్రి ఎపిఫానియో అరవై ఎప్పుడో దాటాడు. పైగా ఆ జబ్బే పట్టుకుని, పుయెబ్లా ఊళ్ళో తన ఇంట్లో ఆక్సిజన్ సిలిండర్ పక్కన మంచాన ఉన్నాడు. అందుకని నా హెల్మెట్‌కి ఒక ఫోన్ బిగించి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టారు. నేను చూసిందల్లా ఆయన ఇంట్లో చూస్తాడు, ఆయన చెప్పింది నేను మిగతావాళ్ళకి చెబుతాను. రాజధానిలోని ఆఫీసువాళ్ళు కూడా ఆ వీడియోలే చూసి పని ఎంతవరకు వచ్చిందో చెప్పేవాళ్ళు. చొక్కాకి సిమెంటు అంటకుండా మేడ కట్టించడం వాళ్ళకి బాగానే నచ్చింది.

నిజం చెప్పొద్దూ, నాకూ నచ్చింది. మేస్త్రి గొంతు చెవిలో ఉంటే ధైర్యంగా ఉండేది.

చిక్కంతా నబోర్‌తోనే వచ్చింది. నబోర్, మేస్త్రి కలిసి పని నేర్చుకున్నవాళ్ళు; నబోర్‌కి ఇంకా అరవై నిండలేదు గనక మాతో పనికి వచ్చేవాడు. నబోర్ కొడుక్కి చర్చిలో బాప్తిస్మమప్పుడు జ్ఞానతండ్రిగా నిలబడింది మేస్త్రే. ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్ళు, తిట్టుకోకుండా పూట గడిచేది కాదు. ఈస్టర్‌కి ముందు నబోర్ ఆస్పత్రిలో పోయాడు. ఇంటికి బూడిదే వచ్చింది. మేస్త్రి భార్య మెలేసియా నాకు ఫోన్ చేసి, సిలిండర్ తీసేదాకా ఆయనకి చెప్పొద్దని ఏడ్చింది. సరేనన్నాను.

మేస్త్రి పొద్దున్నే మొదట అడిగేది నబోర్ గురించే. ఇసుక కోసం వెళ్ళాడన్నాను. ఇంకోరోజు కింద ఉన్నాడన్నాను. అతని ఫోన్ సున్నంలో పడి పాడైందన్నాను. మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది.

"నేనిక్కడ చస్తుంటే ఒక్కసారి పలకరించలేడా ఆ దొంగవెధవ? ఒటీలియా, వాడి మొహం నాకు చూపించొద్దని చెప్పు వాడితో."

చెబుతానన్నాను. ఆ తర్వాత రోజూ తిట్లే. అవన్నీ నా చెవిలో పడుతుంటే ఇటుకల వంక చూస్తూ నిలబడేదాన్ని.

మే మూడు మా తాపీపనివాళ్ళ పండగ. శిలువ చేసి, పూలు కట్టి, కట్టడంలో అన్నిటికన్నా ఎత్తైన చోట నిలబెడతాం. ఆ ఏడు పోయినవాళ్ళ పేర్లు దాని వెనక రాయడం మా ముఠా ఆనవాయితీ. ఈసారికి వద్దని నేనంటే నబోర్ తమ్ముడు ఒప్పుకోలేదు. శవం దగ్గర కూర్చునే భాగ్యం ఎలాగూ లేకపోయింది, పేరైనా రాయనివ్వమన్నాడు. రాయమన్నాను. ఆ పేరు మేస్త్రి కంట పడకుండా నేను ముందువైపే నిలబడేట్టు అనుకున్నాం.

అంతా బాగానే జరిగింది. ఫాదర్ నీళ్ళు చల్లాడు, తారాజువ్వలు పేలాయి, మేస్త్రి మంచం మీంచే దణ్ణం పెట్టుకున్నాడు. అంతలో గాలికి శిలువ ఊగింది. పడిపోతుందేమోనని గబుక్కున వెనక్కి వెళ్ళి దాన్ని కట్టిన తీగ మెలిపెట్టి బిగించాను. ఏళ్ళ తరబడి చేతుల మీదే చూపు పెట్టి పనిచేసినదాన్ని, ఆ చూపు వెంట మేస్త్రి కూడా వస్తాడన్న సంగతే మరిచిపోయాను. నీలం రంగుతో రాసిన నబోర్ పేరు నా మొహానికి జానెడు దూరంలో ఉంది.

  చెవిలో ఆయన ఊపిరి వినబడింది.

"ఎప్పుడు?"

చెప్పాను. మెలేసియా ఏమందో కూడా చెప్పాను. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది.

"మరి ఇన్నాళ్ళూ నేను తిట్టిన తిట్లు ఎవరు విన్నారే?"

"నేనే, మేస్త్రీ."

"పోయినవాణ్ణి తిట్టించావు నాచేత."

 తీగని ఇంకోసారి మెలిపెట్టాను. ఆయనే మళ్ళీ అన్నాడు.

"స్పీకరు పెట్టు. హెల్మెట్ తీసి వాడి పేరు ముందర పెట్టు. మీరంతా కిందికి పొండి."

కింద నబోర్ భార్య వండి పంపిన మోలే కూర చల్లారిపోతోంది. ఎవరూ కంచం ముట్టలేదు. పైనుంచి మేస్త్రి గొంతు వస్తోంది గాని మాటలు తెలియడం లేదు. మధ్యలో ఒకసారి మాత్రం గట్టిగా, దొంగవెధవా, నాకు చెప్పకుండా పోతావా అన్నాడు. ఆ తర్వాత బావా, బావా అని ఆయన ఏడుస్తుంటే అందరికీ వినబడింది.